ఏడో మూత

రేడియో పొద్దున్నే చెప్పేసింది,
రాత్రి ఏడుకల్లా తుఫాను ఒడ్డెక్కుతుందని.
అంటే ఆరింటికే కరెంటు పోతుంది.
మా లూనెన్‌బర్గ్ వైపు తీగలకి
గాలి పేరెత్తితే చాలు, చలిజ్వరం.

కాయలు నిన్నట్నుంచే రాలుతున్నాయి.
గోలీలంత ఎర్రటి పుల్ల ఆపిళ్లు.
కొరికితే పళ్లు జివ్వుమంటాయి,
జింకలు కూడా ఒకటి తిని ఆలోచిస్తాయి.
ఇవాళ వండకపోతే రేపు బురద తింటుంది.

అన్నీ ఇవాళే.
ఓరెన్ పడవని గట్టెక్కించడానికి పోతూ
తాడు అడిగాడు, టార్చి అడిగాడు,
ఆఖరికి నెత్తిమీదున్న టోపీ కూడా నన్నే అడిగాడు.
కోళ్లగూటి రేకు మీద రాళ్లెత్తాలి.
తొట్టి నిండా నీళ్లు పట్టాలి.
ఆసుపత్రిలో రెండు డ్యూటీలు పడ్డాయని
పక్కింటి డెల్ఫిన్, ఎనిమిదేళ్ల ఆన్సెల్మ్‌ని గుమ్మంలో దింపి
ఇంజను ఆపకుండానే వెళ్లిపోయింది.

కాడలు తుంచరా అన్నాను.
కాడకో ప్రశ్న.
తొక్కెందుకు తియ్యవు, గింజలెందుకు తియ్యవు?
గడ్డకట్టే గుణమంతా వాటిలోనే ఉంది మరి.
వాడో గింజ నమిలి, ఉమ్మేసి,
అబద్ధం అన్నాడు.

స్టూలుని తలకిందులు చేసి
ఉడికిన గుజ్జు పోసిన పాత దిండుగలీబుని
నాలుగు కాళ్లకీ కట్టాను.
కింద గిన్నె.
చుక్క.
చాలాసేపటికి
ఇంకో చుక్క.
ఇంట్లో తీరిగ్గా ఉన్నది అదొక్కటే.

పిండకూడదు, తెలిసిందా?
పిండితే మసకేస్తుంది. దానంతటది దిగాలి.
మా అత్త హిల్డ్రెడ్ రాత్రంతా వదిలేసేది.
"ఆవిడకి తుఫాన్లు ఉండేవి కావా?"
ఉండేది ఒకటి, మా మావగారు,
అనబోయి మానేశాను.

మధ్యాహ్నానికి దిగిన తేటని వేరే కుండలో వంచి
కోళ్ల దగ్గరికి పోయి, రాళ్లెత్తి వచ్చేసరికి
వాడి చేతులు మోచేతుల దాకా గులాబీ రంగు,
గిన్నెలో పొగమంచు.
"తొందరగా అయిపోతుందని," అన్నాడు.
తిట్టు నాలిక దాకా వచ్చింది.
వాడు నన్ను చూడటంలేదు. కిటికీలోంచి
రోడ్డు చూస్తున్నాడు.
పంచదార కొలిచాను.

తేట ముందు, మసక తర్వాత.
ఆరు సీసాలు నిండాయి.
ఏడోదాని పాకం పొంగుకొస్తుండగా
ఫ్రిజ్ ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.
గిన్నెని కట్టెల పొయ్యి మీదికి మార్చాను,
వాడు టార్చి పట్టుకున్నాడు,
ఎక్కువగా సీలింగు మీదికి.
చల్లటి సాసరు మీద ఓ బొట్టు వేసి
వేలితో తోశాను. జారింది.
ఇంకాసేపు.
మళ్లీ తోశాను. మీగడలా ముడత పడింది.
చాలు, దించెయ్.

ఓరెన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు,
టోపీ లేకుండా, అంచులన్నిట్నించీ కారుతూ.
"ఈయన్ని పిండొచ్చా?" అన్నాడు ఆన్సెల్మ్.
పొద్దుట్నుంచీ నేను నవ్వింది అప్పుడే.

చీకట్లో కూర్చున్నాం.
చల్లారే సీసా మూత లోపలికి లాగి టిక్కుమంటుంది,
ఇక ఏడాది దాకా బెంగలేదు.
బయట సముద్రం రోడ్డెక్కినట్టుంది, ఏదో కొమ్మ విరిగింది,
వాడు మాత్రం మూతల్ని లెక్కపెడుతున్నాడు.
ఒకటి. రెండూ మూడూ కలిసి. నాలుగు.
చాలాసేపటికి ఐదు.
ఆరు అంటూ నా మోకాలి మీద తల వాల్చాడు.
ఏడోది అనలేదు.
రాత్రంతా విన్నాను, అనలేదు.

తెల్లారాక డెల్ఫిన్ నడిచొచ్చింది,
రోడ్డుకడ్డంగా చెట్లు పడ్డాయట,
బూట్లు చేతిలో ఉన్నాయి.
ఏడో సీసా, ఒక చెంచా ఇచ్చాను.
నిలబడే తింది, సగం దాకా.
తర్వాత వెలుతురుకి ఎత్తి చూసి
"మసగ్గా ఉందేం?" అంది.

ఆన్సెల్మ్ కళ్లు గట్టిగా మూసుకుని
నిద్రపోతున్నాడు.